ఈఎస్ఎల్ టీచర్‌ని వారానికి రెండుసార్లు సబ్ డ్యూటీకి లాగేస్తున్నారు. కొత్త ఏపీని, నేనేం చేయగలను?

నల్లగొండ_టీచర్:

అందరికీ నమస్తే. డల్లాస్‌కి ఉత్తరాన ఒక ఎలిమెంటరీ స్కూల్లో మొన్న జులైలో అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌గా చేరాను. ఇక్కడ అందరూ ఏపీ అనే పిలుస్తారు. నల్లగొండ దాన్ని పట్టుకుని ఏపీ అంటున్నారని మా ఆయనకి రోజూ నవ్వే. అంతకుముందు తొమ్మిదేళ్ళు అయిదో తరగతికి లెక్కలు, సైన్సు చెప్పాను. ఈఎస్ఎల్ (ఇంగ్లీషు ఇంకా రాని పిల్లలకి ఇంగ్లీషు నేర్పే ప్రోగ్రాం) సర్టిఫికెట్ ఉంది కానీ ఆ ప్రోగ్రాం నడిపిన అనుభవం లేదు. ఆగస్టులో మా ప్రిన్సిపాల్ ఒక లావుపాటి ఫైలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "ఎల్‌ప్యాక్ ఇక నీదే" అని వెళ్ళిపోయారు.

తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న పిల్లలెవరో, వాళ్ళని ఏ ప్రోగ్రాంలో వేయాలో, ఎప్పుడు బయటికి తీయాలో తేల్చే కమిటీ పేరు ఎల్‌ప్యాక్. టెక్సస్‌లో 2021 నుంచి కాగితాల మీద ఈ పిల్లల్ని ఎమర్జెంట్ బైలింగువల్ అంటున్నారు. స్టాఫ్ రూంలో మాత్రం ఈఎస్ఎల్ పిల్లలే.

మా బడిలో 700 పైచిలుకు పిల్లలు. ఈఎస్ఎల్‌లో 94 మంది. అందులో తెలుగు 33, స్పానిష్ 29, మిగతావాళ్ళు తమిళం, ఉర్దూ, మాండరిన్, ఇంకా చిల్లర భాషలు (చిల్లర అంటే ఒక్కొక్కరే ఉన్నారని, తక్కువ చేసి కాదు). ఇంతమందికీ కలిపి ఒకే ఒక్క పుల్ అవుట్ టీచర్ (పిల్లల్ని క్లాసులోంచి తన గదికి పిలిపించుకుని చెప్పేవారు) ఉన్నారు. మంచి టీచర్. ఎవరైనా సెలవు పెట్టారంటే, బదులు వచ్చే టీచర్, అదే సబ్ దొరకలేదంటే, ఆఫీసులో ముందు గుర్తొచ్చే పేరు ఆవిడదే. "ఆమెకి సొంత క్లాసు లేదు కదా" అనేది అందరి మాట. సెప్టెంబరు నుంచి చూస్తున్నాను, వారానికి రెండుసార్లు తక్కువ కాకుండా ఆమె గది తలుపుకి తాళం ఉంటోంది. ఆ పూట రావలసిన పిల్లలు ఎక్కడికీ పోరు, వాళ్ళ క్లాసులోనే వెనక బెంచీలో ఐప్యాడ్ ముందు కూర్చుంటారు.

ఇంకొకటి, అసలు నాకు నిద్ర పట్టనిది. అక్టోబరు మొదట్లో అయిదో తరగతిలో ఒక బాబు చేరాడు. అమ్మానాన్నా ఇక్కడ, వాడు ఇన్నాళ్ళూ సూర్యాపేట దగ్గర పల్లెలో అమ్మమ్మ వాళ్ళింట్లో పెరిగాడు. వచ్చి ఏడు వారాలు. క్లాసులో నోరు తెరవలేదు. లంచ్‌లో కూడా ఒక్కడే. టీచర్ నా దగ్గరికొచ్చి, "ఇతనికి లెర్నింగ్ డిసెబిలిటీ ఉందేమో, స్పెషల్ ఎడ్‌కి (ప్రత్యేక విద్యకి) రెఫర్ చేద్దాం" అని ఫారం ఇచ్చింది. కింద రుజువుగా వాడి లెక్కల పేపర్లు జతచేసింది. తిరగేసి చూద్దును కదా, ఒక లెక్కలో జవాబు 3,45,678 అని రాశాడు. కామా చుట్టూ ఎర్ర సున్నా, అర మార్కు కోత. అంకెలన్నీ కరెక్టే! మూడు లక్షల నలభై అయిదు వేలు అని మనం ఎట్ల రాస్తామో అట్లనే రాశాడు పిచ్చి తండ్రి. ఇక్కడివాళ్ళు 345,678 అని రాస్తారని వాడికి ఎవరు చెప్పారు?

తెలుగు వచ్చిన ఏపీని కాబట్టి ఇప్పుడు ప్రతి తెలుగు పేరెంట్ ఫోనూ నాకే మళ్ళిస్తున్నారు. నేను లేనప్పుడు అయిదో తరగతి అమ్మాయి ఒకామెని పిలిచి మాట్లాడిస్తున్నారట. దానికి తోడు తెలుగు పిల్లల్లో 11 మంది తల్లిదండ్రులు ఈఎస్ఎల్ వద్దని డినయల్ సంతకం పెట్టేశారు.

మా ప్రిన్సిపాల్ చెడ్డాయన కాదు. పనిభారం అలాంటిది. నేను చేరి నాలుగు నెలలే, పెద్దగా గొంతు లేదు. ఎక్కడ మొదలుపెట్టను? ఇక్కడ స్కూళ్ళు నడిపినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

తెనాలి_పంతులమ్మ:

చెల్లీ, నీ పోస్టు రాత్రి చదివాను, పొద్దున కాఫీ చల్లారిపోయేదాకా దాని గురించే ఆలోచించాను. నేను హ్యూస్టన్ వైపు పదకొండేళ్ళు ఈఎస్ఎల్ చెప్పి, తర్వాత నాలుగేళ్ళు ప్రిన్సిపాల్‌గా చేశాను. ముందే ఒప్పుకుంటున్నా, నువ్వు చెప్పిన పాపం నేనూ చేసినదాన్నే. పదకొండేళ్ళు నన్ను సబ్‌గా పంపినప్పుడల్లా లోలోపల తిట్టుకున్నదాన్ని, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఏడాది నేనూ మా ఈఎస్ఎల్ టీచర్‌ని అలాగే పంపాను. పొద్దున ఏడుంపావుకి ముగ్గురు సెలవంటారు, సబ్ ఒకరే దొరుకుతారు, బస్సులు వచ్చేస్తుంటాయి. అప్పుడు సిద్ధాంతాలు గుర్తుకు రావమ్మా, ఖాళీగా కనిపించే మనిషి గుర్తుకొస్తుంది.

డిసెంబరు సెలవుల ముందు ఆవిడ ఏమీ మాట్లాడకుండా ఒక కాగితం నా చేతిలో పెట్టింది. తేదీ, ఏ పీరియడ్ పోయింది, ఏ పిల్లలకి ఎన్ని నిమిషాలు పోయాయి. 23 రోజులు. మూడో తరగతి గ్రూపుకి ఒక నెల మొత్తం పాఠం లేదు. ఆ కాగితం చూశాక నాకు మాట రాలేదు.

కాబట్టి నువ్వు మొదలుపెట్టాల్సింది ఆ కాగితంతోనే. వాదన పెట్టుకోకు. రేపటి నుంచి ఒక షీటు తెరిచి రాయి. సెప్టెంబరుది కూడా ఆఫీసులో సబ్ రికార్డు చూస్తే తేలుతుంది. మూడు వారాలకి సరిపడా అయ్యాక మీ ప్రిన్సిపాల్ దగ్గర కూర్చుని, "మనకి ఆడిట్ వచ్చి, ఈ 94 మందికి ఇస్తామని తల్లిదండ్రులకి ఉత్తరం రాసిన గంటలు ఎక్కడ అంటే ఏం చూపిద్దాం సార్?" అని అడుగు. ఇద్దరికీ ఉన్న ఇబ్బంది లాగా అడుగు, తప్పు పట్టినట్టు కాదు.

వెనకాల చట్టం బలం ఉంది, నీకు తెలిసి ఉంటే చాలు, టేబుల్ మీద కొట్టక్కర్లేదు. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనా పిల్లల కేసు, లావ్ వర్సెస్ నికల్స్. అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు ఇచ్చేసి సమానంగా చూశామంటే కుదరదు, భాష అర్థం కాని పిల్లకి అది చదువే కాదు అని సుప్రీంకోర్టు తేల్చింది. తర్వాత 1981లో కాస్టన్యేడా కేసు. అది మన టెక్సస్‌దే, దక్షిణాన రేమండ్‌విల్ అనే చిన్న ఊరిది. అందులో కోర్టు మూడు ప్రశ్నలు పెట్టింది. ప్రోగ్రాం వెనక నిపుణులు ఒప్పుకునే ఆలోచన ఉందా? దాన్ని నిజంగా నడపడానికి మనుషుల్ని, వసతుల్ని ఇచ్చారా? కొన్నాళ్ళయ్యాక ఫలితం చూశారా? మొదటి ప్రశ్నకి ప్రతి స్కూలు దగ్గరా అందమైన బైండర్ ఉంటుంది. అందరూ బోర్లాపడేది రెండోదాని దగ్గర. మీ టీచర్ గదికి పడిన తాళం అదే.

మరి ఆ పొద్దున ఏడుంపావుకి ఏం చేయాలి అంటావా? నేను రెండో ఏడాది ఏం చేశానంటే, బడిలో సొంత క్లాసు లేని పెద్దవాళ్ళందరి పేర్లతో వంతుల పట్టిక వేశాను. కోచ్, లైబ్రేరియన్, కౌన్సెలర్, ఏపీలు ఇద్దరు. మొదటి పేరు నాదే రాసుకున్నాను. ఈఎస్ఎల్ టీచర్ పేరు అందులో లేదు. ప్రిన్సిపాలే వెళ్ళి కిండర్‌గార్టెన్‌లో ముక్కులు తుడుస్తుంటే, ఇంక వంతు గురించి ఎవరూ నోరెత్తలేదు. నువ్వు మీ సార్ పేరు మొదట రాయలేవు. నీ పేరు రాసుకో. రాసుకుని చూపించు.

అసలు మందు మాత్రం ఇప్పుడు పడదు, వేసవిలో పడుతుంది. మాస్టర్ షెడ్యూల్. చాలా బళ్ళలో ముందు లంచ్‌లు పెడతారు, తర్వాత ఆర్టు, మ్యూజిక్, పీఈ, తర్వాత రీడింగ్, లెక్కలు, చిట్టచివర ఎక్కడ సందు దొరికితే అక్కడ ఈఎస్ఎల్‌ని ఇరికిస్తారు. ఆ సందు ఎప్పుడూ సైన్సు పీరియడో, రీసెస్సో అయి ఉంటుంది. రీసెస్ నుంచి లాక్కొచ్చిన పిల్లాడు ఇంగ్లీషు ఏం నేర్చుకుంటాడు, ఏడుపు నేర్చుకుంటాడు. నేను జూన్‌లో ఆఫీసు గోడ మీద బుచర్ పేపర్ పరిచి, పసుపు కాగితాల మీద ముందు ఈఎస్ఎల్ గ్రూపులు అంటించేదాన్ని. అవి కదలవు. మిగతావన్నీ వాటి చుట్టూ తిరగాలి. మొదటిసారి మ్యూజిక్ సారు నాతో రెండు వారాలు మాట్లాడలేదు. పోనీలే అనుకున్నా. ఇంకో సంగతి, ఈఎస్ఎల్ పిల్లల్ని ఒక గ్రేడులో ఆరు సెక్షన్లకీ చల్లేస్తే ఒక్క మనిషి ఆరు గదులకి పరుగెత్తలేదు. అలాగని అందర్నీ ఒకే గదిలో కుక్కినా తప్పే, వాళ్ళకి వినపడే ఇంగ్లీషు ఎక్కడుంటుంది? రెండు మూడు సెక్షన్లలో గుంపులుగా పెట్టి, ఆ టీచర్లకీ ఈఎస్ఎల్ టీచర్‌కీ కలిసి ప్లాన్ చేసుకునే ఒక గంట దొరికేలా చూడు. ఆ గంట లేకపోతే మిగతాదంతా డెకరేషనే.

ఇక అమ్మాయిల చేత మాట్లాడించడం. అది ఈరోజే ఆపించు, రేపటిదాకా ఆగకు. పిల్లల్ని, అన్నదమ్ముల్ని దుబాసీలుగా వాడొద్దని 2015లో వచ్చిన ఫెడరల్ మార్గదర్శకాల్లోనే చెప్పారు. నా అనుభవం చెప్తా విను. కొత్తలో ఒక పిల్లాడు రోజూ పక్కవాళ్ళ లంచ్ లాక్కుంటున్నాడని వాళ్ళమ్మని పిలిచారు. నేనెక్కడో టెస్టింగ్‌లో ఉన్నాను. వాడి అక్కనే కూర్చోబెట్టి ఏపీ పావుగంట చెప్పారు. వాళ్ళమ్మ నవ్వుతూ దణ్ణం పెట్టి వెళ్ళింది. మర్నాడు డబ్బా నిండా సున్నుండలు పంపింది. సంగతేంటని నేను ఫోన్ చేస్తే, "మావాడు అందరితో పంచుకుని తింటున్నాడని తెగ మెచ్చుకున్నారట కదండీ" అంది. ఆ అక్క తప్పు ఏముంది? తమ్ముణ్ణి కాపాడుకుంది. సున్నుండలు మాత్రం చాలా బావున్నాయి.

నువ్వు కూడా ప్రతి ఫోనూ ఎత్తకు. జిల్లా (స్కూల్ డిస్ట్రిక్ట్) ఆఫీసు ద్వారా ఫోన్ ఇంటర్‌ప్రెటర్ సర్వీసు ఉందేమో కనుక్కుని ఫ్రంట్ డెస్క్ దగ్గర నంబర్ అంటించు. లేకపోతే నువ్వు ఏపీవి కాదు, తెలుగు హెల్ప్‌లైన్‌వి అయిపోతావు. స్పానిష్ వాళ్ళకీ, ఉర్దూ వాళ్ళకీ ఏపీ లేకుండా పోతుంది.

ఆ బాబు సంగతి. ఫారం మీద సంతకం పెట్టే ముందు ఒక్క పని చేయి. వాణ్ణి నీ గదికి పిలిచి తెలుగులో చదివించు. ఇంగ్లీషు రానంత మాత్రాన పిల్లకి వైకల్యం ఉందని తేల్చకూడదని ప్రత్యేక విద్య చట్టమే చెప్తోంది. తన భాషలో కూడా తడబడుతున్నాడా, లేక ఇక్కడ మాత్రమేనా? అది తెలియకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు. ఏడు వారాల మౌనం పెద్ద విషయం కాదు, నేను అయిదు నెలలు చూశాను. అలాగని నిజంగా సమస్య ఉన్న పిల్లల్ని "ఇంగ్లీషు వస్తే సర్దుకుంటాడులే" అని ఏళ్ళతరబడి వదిలేయడం కూడా చూశాను. అదీ అన్యాయమే.

ప్లేనో_నాన్న:

ఆ డినయల్ సంతకం పెట్టినవాళ్ళలో నేనొకణ్ణి (వేరే స్కూల్లో లెండి). మా వైపు నుంచి కూడా వినండి మేడమ్.

మా పాప ఇక్కడే పుట్టింది. ఇంట్లో నానమ్మ ఉంటుంది కాబట్టి తెలుగే మాట్లాడుతుంది. కిండర్‌లో చేర్చేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వేలో నిజాయితీగా తెలుగు అని రాశాను. రెండు వారాల్లో టెస్టు పెట్టి ఈఎస్ఎల్ అన్నారు. మా వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకటే గోల. "ఎందుకు తెలుగు అని రాశావ్ బ్రో, ఇంగ్లీష్ అని కొట్టేయాలి కదా", "ఈఎస్ఎల్‌లో పడితే ఇక జీటీ (చురుకైన పిల్లల ప్రత్యేక ప్రోగ్రాం) రాదు", "రికార్డులో ఉండిపోతుంది". భయపడి డినయల్ పెట్టేశాను. స్కూల్ నుంచి వచ్చిన ఉత్తరం నాలుగు పేజీలు, నా లాంటి సాఫ్ట్‌వేర్ వాడికే అర్థం కాలేదు. ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడినవాళ్ళు లేరు.

తమాషా ఏంటంటే ఫిబ్రవరిలో పాపకి టెల్‌పాస్ (ఇంగ్లీషు ఎంత వచ్చిందో చూసే పరీక్ష) పెట్టారు. వద్దన్నాం కదా అంటే, ప్రోగ్రాం వద్దన్నా టెస్టు తప్పదు అన్నారు. అంటే సాయం పోయింది, పరీక్ష మిగిలింది. ఆ ముక్క సంతకం పెట్టేముందు చెప్పొద్దా?

తెనాలి_పంతులమ్మ:

చెప్పాలి బాబూ. అది మా తప్పే, మీది కాదు. డినయల్ పెట్టినా పాప పేరు ఎమర్జెంట్ బైలింగువల్ గానే ఉంటుంది, బయటికి వచ్చే అర్హతలు అందుకునేదాకా ఏటా వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నాలుగింట్లోనూ టెల్‌పాస్ రాయాల్సిందే. జీటీ రాదనేది వాట్సాప్ పురాణం. ఈఎస్ఎల్‌లో ఉన్నారన్న కారణంతో జీటీ నుంచి తప్పించకూడదు. ఇప్పుడైనా మీరు మనసు మార్చుకుని ప్రోగ్రాంలో వేయమని అడగొచ్చు, ఒకసారి స్కూల్‌కి ఫోన్ చేయండి.

చెల్లీ, చూశావా? ఆ 11 మందికీ ఉత్తరం వద్దు. పొద్దున ఎనిమిదింటికి డ్రాప్ ఆఫ్ అయ్యాక ఇరవై నిమిషాలు లైబ్రరీలో కూర్చోబెట్టు, కాఫీ పెట్టు, ఈఎస్ఎల్ టీచర్‌ని మాట్లాడనివ్వు. వాళ్ళని ఒప్పించాలని చూడకు. ఈ రెండు నిజాలు చెప్పి వదిలేయి. ఎల్‌ప్యాక్‌లో ఒక పేరెంట్ ఉండాలి కదా, స్కూల్ ఉద్యోగి కాని వాళ్ళు, వాళ్ళ పిల్ల ఈ ప్రోగ్రాంలో ఉండాలి. మామూలుగా సంతకం పెట్టి వెళ్ళే పెద్దమనిషిని వెతుకుతారు. నువ్వు ఈ బాబులాంటి వాణ్ణి వెతుకు, ప్రశ్నలు అడిగేవాణ్ణి.

ఇంకోటి మర్చిపోయా. ఒకే గ్రేడులో ఒకే భాష వాళ్ళు జిల్లా మొత్తం మీద 20 మంది, అంతకంటే ఎక్కువ ఉంటే టెక్సస్‌లో ఆ భాషలో బైలింగువల్ ప్రోగ్రాం పెట్టాలి. తెలుగుకైనా సరే. సర్టిఫికెట్ ఉన్న తెలుగు టీచర్లు దొరకరు కాబట్టి జిల్లాలు ఏటా మినహాయింపు అడుగుతాయి. అడిగినవాళ్ళు ఆ బైలింగువల్ నిధుల్లో కనీసం పదో వంతు టీచర్ల శిక్షణకి పెట్టాలి. మీ జిల్లా ఆ శిక్షణ ఎవరికి ఇస్తోందో అడుగు. మీ అయిదో తరగతి టీచర్ పేరు ఆ జాబితాలో ఉంటే కామాకి ఎర్ర సున్నా చుట్టేది కాదు.

జెడ్పీ_హెచ్చెం:

అమ్మా, నేను అమెరికా చూడలేదు. సూర్యాపేట జిల్లాలోనే జెడ్పీ హైస్కూల్ హెడ్మాస్టర్‌ని, ఇంకో రెండేళ్ళలో రిటైర్మెంట్. మా మనవరాలు ఈ లింకు పంపింది. ఆ పిల్లగాడి ముచ్చట చదివి ఊకోలేకపోయిన.

వాడు ఊళ్ళో ఏ బడిలో చదివిండో గానీ, ఒక వస్తువు మీకు పనికొస్తది. మా దగ్గర 2022-23ల ఒకటి నుంచి ఎనిమిది దాకా సర్కారు బళ్ళళ్ళ ఇంగ్లీష్ మీడియం మొదలైనప్పుడు రెండు భాషల పుస్తకాలు వచ్చినయి. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు, అదే పాఠం, అదే బొమ్మ. లెక్కలకి, సైన్సుకి ఉన్నయి. ఎస్సీఈఆర్టీ వెబ్‌సైట్‌ల పైసా ఖర్చు లేకుండ దొరుకుతయి. నాలుగు, అయిదు తరగతులవి దించి ప్రింట్ తీయుండ్రి. వానికి తెలిసిన పాఠమే ఇంగ్లీషుల కనపడ్తది. కొత్త విషయం, కొత్త భాష రెండూ ఒక్కపారే మీద పడకుండ ఉంటది.

మీరు పెద్ద కుర్చీల ఉన్నరు కాబట్టి ఒక మాట. మేం మీడియం మార్చిన ఏడాది, నేను తెలివి తక్కువ పని చేసిన. క్లాసుల తెలుగు మాట్లాడొద్దని గోడల మీద రాయించిన. నెల తిరగకముందే బడి మొత్తం మౌనం. లెక్కల సారు వచ్చి "సార్, పిల్లలు సందేహాలు అడుగుతలేరు" అన్నడు. అడగాలంటే ఏ భాషల అడగాలె? నేనే సున్నం తీసుకొని ఆ రాతలు కొట్టేయించిన. మీ బడి గోడల మీద అట్లాంటి రాత ఉండకపోవచ్చు. టీచర్ల మొహాల మీద ఉంటది, చూసుకోండ్రి.

కామా సంగతికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. లక్షకి కామా ఎక్కడ పెట్టాల్నో నేర్పడానికి మేము నానా తంటాలు పడతం తల్లీ. వాడు సరిగ్గ పెట్టిండు. నేర్పిన సారెవరో గానీ ఆయనకి నా నమస్కారం.

నల్లగొండ_టీచర్:

హెచ్చెం సార్, పాదాభివందనం. అక్కా, మీకైతే ఏం చెప్పాలో తెలియట్లేదు. మూడు వారాల తర్వాత వస్తున్నాను, జరిగింది జరిగినట్టు రాస్తాను.

అయిదో తరగతి లెక్కల పుస్తకం ప్రింట్ తీసి బాబుని పిలిచాను. తెలుగు పేజీ తెరిచి "చదువు నాన్నా" అన్నాను. ముందు నా మొహం చూశాడు, తర్వాత తలుపు వైపు చూశాడు, ఎవరైనా వింటారేమో అని. లేచి తలుపు వేశాను. గడగడా చదివాడు సార్! భిన్నాల పాఠం, ఎక్కడా ఆగలేదు. చదివి, ఎదురు పేజీలో ఇంగ్లీషులో ఉన్న లెక్క మీద వేలు పెట్టి, "ఇది నాకు ఊళ్ళోనే వచ్చు మేడం, ఈడ దీన్ని ఏమంటరో తెలువదు" అన్నాడు. నా కళ్ళలో నీళ్ళు చూడకుండా స్టేప్లర్ వెతుకుతున్నట్టు నటించాను.

అది రాసుకుని రెఫరల్ మీటింగ్‌లో పెట్టాను. ఫిబ్రవరి దాకా ఆపారు. వాళ్ళ టీచర్‌కి సంతోషంగా లేదు. "మరి అప్పటిదాకా నేనేం చేయను?" అని సూటిగానే అడిగింది, న్యాయమైన ప్రశ్న. ఈఎస్ఎల్ టీచర్‌తో కలిసి వారానికి అరగంట ప్లానింగ్ ఇప్పించగలిగాను, అక్క చెప్పిన గంట కాదు. వాడు ఇంగ్లీషులో ఇంకా ఏమీ మాట్లాడట్లేదు. కామా మాత్రం మార్చేశాడు.

కాగితం సంగతి. సబ్ రికార్డు తీస్తే సెప్టెంబరు నుంచి పోయిన పూటలన్నీ తేలాయి. సార్ ముందు పెట్టాను. చాలాసేపు చూసి, "ఇన్నా?" అన్నారు. పట్టికకి ఒప్పుకున్నారు, కానీ టెస్టింగ్ రోజుల్లో మాత్రం ఆమె కావాలన్నారు. సగం గెలిచాను అనుకోవాలా? పట్టికలో మొదటి పేరు నాదే. కాఫీ మీటింగ్‌కి 11 మందిలో ఆరుగురు వచ్చారు, ఇద్దరు ప్రోగ్రాంలో వేయమని రాసిచ్చారు. ఒకాయన జీటీ గురించి తప్ప ఇంకేమీ అడగలేదు. ఆయన్నే ఎల్‌ప్యాక్‌లోకి రమ్మందామని చూస్తున్నా.

ఇది రెండో తరగతి గదిలో కూర్చుని రాస్తున్నాను, ఈరోజు వంతు నాదే. పిల్లలు మ్యూజిక్‌కి వెళ్ళారు. హాలుకి అవతల ఈఎస్ఎల్ గది తలుపు తెరిచే ఉంది. అక్కా, మే నెలలో మాస్టర్ షెడ్యూల్‌కి కూర్చునేటప్పుడు మీకు ఫోన్ చేస్తాను, మా మ్యూజిక్ టీచర్ కొంచెం కోపిష్ఠి. ఉంటాను, వీళ్ళని తీసుకురావడానికి టైమైంది.